నీళ్ల తగవు: వాదించే ముందు మూడు ప్రశ్నలు



మనిషి ఆరోగ్యానికి ఆరు అనివార్యమైన కారణాలు ఉన్నాయని యునానీ వైద్యం చెబుతుంది. వీటిని అస్బాబె సిత్తా జరూరియా అంటారు. గాలి, అన్నపానీయాలు, శరీరపు కదలిక - విశ్రాంతి, మనసు కదలిక - విశ్రాంతి, నిద్ర - మెలకువ, శరీరంలో నిలుపుకోవలసినవి - విసర్జించవలసినవి. వీటిలో మన కోలారు జిల్లాలో ఎక్కువ మాట నడిచేది పానీయం గురించే, అంటే నీళ్ల గురించే. ఏడాది పొడవునా పారే నది మనకు లేదు. వానలు సరిగా పడని ఏళ్లలో వెయ్యి అడుగులు దాటి బోరు వేసినా చుక్క పడని చోట్లున్నాయి. అందువల్ల నీళ్ల మీద వాదన టీ అంగట్లో, మండీలో, మసీదు మెట్ల దగ్గర, ఇంట్లో భోజనాల దగ్గర కూడా జరుగుతూనే ఉంటుంది.

వాదించడం తప్పు కాదు. కానీ ఒకరు కోర్టు సంగతి చెబితే మరొకరు రోగాల సంగతితో జవాబిస్తారు. మూడో వ్యక్తి తప్పు ఎవరిదో తేల్చమంటాడు. చివరకు తన ఇంటి బిందెలో నీళ్లు ఎలా ఉన్నాయో ఎవరికీ తెలియకుండానే అందరూ లేచి వెళ్తారు. ఆ నీళ్లనే పిల్లలు తాగుతారు. కనుక ఈ వారం మందుల సంగతి పక్కన పెట్టి, నీళ్ల గురించి సరిగా ఆలోచించే పద్ధతిని చూద్దాం.

జరిగింది ఏమిటి?

కె.సి. వ్యాలీ పథకం మీ అందరికీ తెలిసినదే. బెంగళూరులోని కోరమంగల - చల్లఘట్ట లోయ మురుగునీటిని శుద్ధి చేసి, మన జిల్లా చెరువులు నింపి, భూగర్భ జలాలు పెంచాలన్నది దాని ఉద్దేశం. రోజుకు 44 కోట్ల లీటర్ల నీరు పంపాలని లెక్క వేశారు. 2018 జూన్‌లో ఆ నీరు కోలారు దగ్గరి లక్ష్మీసాగర చెరువుకు చేరింది. మరుసటి నెలలోనే నురగ కనిపించింది. రెండో దశ శుద్ధి చాలదని, మూడో దశ కూడా చేయాలని కొందరు కోర్టుకు వెళ్లారు. హైకోర్టు 2018 జులైలో పంపింగ్ ఆపింది, సెప్టెంబరులో మళ్లీ అనుమతించింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆ తరువాత స్టే తొలగి నీరు మళ్లీ పారింది.

ఇంతవరకు జరిగిన సంగతులు. వీటి నుండి ఎవరు ఏ నిర్ణయానికి వస్తున్నారన్నది వేరే విషయం. నీళ్ల మీద ఏ మాట విన్నా ముందుగా మూడు ప్రశ్నలు విడదీసి చూడాలి. ఒకటి, దీనికి అనుమతి ఉందా? ఇది చట్టం ప్రశ్న. రెండు, దీనివల్ల శరీరానికి, నేలకు ఏమవుతుంది? ఇది విజ్ఞానం ప్రశ్న. మూడు, దీనికి ఎవరు జవాబు చెప్పాలి, ఎవరు ఏం చేయాలి? ఇది బాధ్యత ప్రశ్న. ఒక ప్రశ్నకు దొరికిన జవాబు మరో ప్రశ్నకు చెల్లదు.

అనుమతి వేరు, ఋజువు వేరు

"కోర్టే ఒప్పుకుంది, ఇక భయమెందుకు?" అనేవారున్నారు. కేసు నడుస్తుండగా పంపింగ్ ఆపాలా, సాగనివ్వాలా అన్నది కోర్టు తేల్చవలసిన విషయం. మీ బోరు నీళ్లు తాగవచ్చునని కోర్టు సర్టిఫికెట్ ఇవ్వలేదు. అసలు ఆ పథకమే చెరువు నీటిని నేరుగా తాగడానికి ఉద్దేశించినది కాదు.

అలాగే "కోర్టు ఆపిందంటే అది విషమే" అన్న మాట కూడా సరి కాదు. స్టే అంటే సందేహం తీరే వరకు ఆగమనడం మాత్రమే. వైద్యుడు జ్వరం ఏ రకమో తేలే వరకు మాంసం తినవద్దంటాడు. అంతమాత్రాన మాంసం విషమైపోదు కదా.

చట్టం మారినంత మాత్రాన ప్రకృతి మారదు. దీనికి హైదరాబాదు జంట జలాశయాలే ఉదాహరణ. 1908 మూసీ వరదల తరువాత నిజాం కాలంలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వాటి రక్షణకు 1996లో జీవో 111 తెచ్చి, చుట్టూ 10 కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలను నిషేధించారు. 2022లో తెలంగాణ ప్రభుత్వం జీవో 69తో ఆ ఆంక్షలు తొలగించింది. కాగితం మారింది గాని, వాన నీరు ఏ వాలు నుండి జలాశయంలోకి దిగుతుందో అది మారలేదు.

మన శ్రీనివాసపురం వారికి మామిడి కాయతో చెబితే ఇంకా తేలికగా అర్థమవుతుంది. కార్బైడుతో మాగవేసిన కాయ పైకి పసుపు రంగులో ఉంటుంది, కోస్తే లోపల పులుపు. రంగు ఒక ప్రశ్నకు జవాబు, రుచి వేరొక ప్రశ్నకు జవాబు.

తజ్రిబా ఎలా ఉండాలి?

విజ్ఞానం ప్రశ్నకు వద్దాం. "నీళ్లు వచ్చిన తరువాతే మా అమ్మకు మోకాళ్ల నొప్పులు" అంటారు ఒకరు. "నీళ్లు వచ్చిన తరువాతే మా బోరు నిండింది" అంటారు మరొకరు. రెండింటిలోనూ ఒకే లోపం ఉంది. తరువాత జరిగినదంతా దానివల్లనే జరిగిందని చెప్పలేం.

దాదాపు వెయ్యేళ్ల క్రితం షేఖ్ బూ అలీ సీనా, అంటే ఇబ్నె సీనా, తన అల్ ఖానూన్ గ్రంథంలో మందు గుణం రెండు దారుల్లో తెలుస్తుందన్నారు. ఒకటి తజ్రిబా, అంటే అనుభవ పరీక్ష. రెండోది ఖియాస్, అంటే తర్కం. అయితే ప్రతి అనుభవాన్నీ తజ్రిబాగా ఆయన ఒప్పుకోలేదు. దానికి ఏడు షరతులు పెట్టారు. మందులో బయటి నుండి వచ్చిన గుణం కలిసి ఉండరాదు. పరీక్షించే రోగం ఒక్కటే అయి ఉండాలి, రెండు మూడు కలిసినది కారాదు. ఫలితం ఒకసారి కాక ఎల్లప్పుడూ, లేదా ఎక్కువసార్లు కనబడాలి. పరీక్ష మనిషి శరీరం మీదే జరగాలి. ఇలాంటివే మిగతావి కూడా. ఆయన కంటే ముందే జకరియా రాజీ సర్సామ్ రోగులలో కొందరికి రక్తం తీసి, కొందరికి కావాలనే తీయకుండా ఉంచి, రెండు వర్గాలనూ పోల్చి చూశారు.

ఈ కొలతతో మన వాదనలు చూడండి. బోర్లలో నీటి మట్టం పెరిగిన మాట నిజం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వారు కూడా దీనిని అధ్యయనం చేశారు. కానీ 2021లోనూ, 2022లోనూ జిల్లాలో భారీ వానలు పడి చెరువులు పొర్లాయి. కనుక మీ బోరులో పెరిగిన నీరంతా పథకానిదే అనాలన్నా, అంతా వానదే అనాలన్నా పథకం నీరు రాని ఊరి బోర్లతో పోల్చాలి. మోకాళ్ల నొప్పికి కూడా ఇదే పద్ధతి. 2018కి ముందు ఆ ఇంట్లో నొప్పులు లేవా? ఆ నీరు రాని ఊరిలో ఆ వయసు వారికి లేవా?

ఇంకొకటి, నీరు పెరగడం పరిమాణం సంగతి, నీరు మంచిదవడం గుణం సంగతి. "నీళ్లు వచ్చాయి" అన్న రైతు, "నీళ్లు బాగాలేవు" అన్న తల్లి ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. వారి మధ్య తగవే లేదు, ప్రశ్నలు వేరు.

కంటికి కనబడనిది

నురగ కంటికి కనబడింది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడారు. కానీ ఈ పథకం రాకముందు నుండీ మన జిల్లా లోతు బోర్లలో ఉన్నది ఫ్లోరైడు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నెల్లూరు ప్రాంతపు ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్యులు రాశారు. అంటే ఇది కొత్త నీటితో వచ్చిన కొత్త రోగం కాదు. భారతీయ ప్రమాణం ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు.

ఇబ్నె సీనా నీటికి ఒక పరీక్ష చెప్పారు. ఒకే బరువున్న రెండు గుడ్డ ముక్కలను రెండు రకాల నీళ్లలో తడిపి, బాగా ఆరబెట్టి తూచాలి. ఏ గుడ్డ తేలికగా ఉంటే ఆ నీరు మేలు. నీటిలో కరిగిన లవణాలను తూచే ఉపాయం అది. ఈనాడు ఫిల్టరు అమ్మేవారు చూపించే టి.డి.ఎస్. మీటరు చెప్పేది కూడా దాదాపు అదే. అయితే వందల మిల్లీగ్రాముల లవణాల మధ్య ఒకటిన్నర మిల్లీగ్రాము ఫ్లోరైడును గుడ్డా చూపదు, ఆ మీటరూ చూపదు. ఏ పరీక్ష అయినా తనను అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. నబ్జ్ పట్టి నీళ్లలో ఫ్లోరైడు ఎంతో చెప్పగల హకీము కూడా లేడు. అలా చెప్పేవారు దొరికితే దూరంగా ఉండండి.

ఋజువు భారం ఎవరిది?

మూడోది బాధ్యత. "హాని ఉందని మీరు ఋజువు చేయండి" అని ఒక పక్షం, "హాని లేదని మీరు ఋజువు చేయండి" అని మరో పక్షం అంటుంటాయి. విజ్ఞానం ఇంకా తేల్చని చోట ఎవరు ఋజువు చూపాలన్న సంగతి మీద మన సుప్రీంకోర్టు రెండు తీర్పులు గుర్తుంచుకోదగినవి.

మొదటిది 1996 నాటి వెల్లూరు తోళ్ల కర్మాగారాల కేసు. నంది కొండల వైపు పుట్టి మన కోలారు జిల్లా గుండా వెళ్లే పాలారు నదే అక్కడ పాడయింది. పని చేపట్టేవాడే అది ప్రకృతికి హాని చేయదని చూపాలని, పాడు చేసినవాడే నష్టం భరించాలని కోర్టు చెప్పింది. ఆంబూరు, వాణియంబాడి తోళ్ల వ్యాపారంలో మన సముదాయం వారూ ఎందరో ఉన్నారు. లాభం మనవారిదైనంత మాత్రాన న్యాయం మారదు. వాదించేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోవడం మరీ ముఖ్యం.

రెండోది హైదరాబాదు జంట జలాశయాల దగ్గర నూనె సంబంధిత కర్మాగారం పెట్టబోయిన కేసు. దీనిలో 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాధరావు గారు విజ్ఞానానికి, న్యాయస్థానానికి మధ్య ఉన్న చిక్కును వివరంగా చర్చించారు. శాస్త్రంలో సందేహం మిగిలినప్పుడు జాగ్రత్త వైపు మొగ్గాలన్నారు. ఇటువంటి కేసులకు న్యాయమూర్తులతో పాటు శాస్త్రజ్ఞులు కూర్చునే వేదిక కావాలన్నారు. 2010 చట్టంతో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ రూపంలోనే వచ్చింది. తనకు తెలియనిది తెలిసినవారిని అడగాలని ఒక పెద్ద న్యాయస్థానమే ఒప్పుకుంటే, టీ అంగట్లో మనం ఒప్పుకోవడానికి నామోషీ దేనికి?

కనుక శుద్ధి సరిగా చేయడం, నీటిని మళ్లీ మళ్లీ పరీక్షించడం, ఫలితాలు ఊరి గోడ మీద అందరికీ కనబడేలా పెట్టడం నీరు పంపేవారి బాధ్యత. అడగడం మన హక్కు. అయితే కేసు తేలే వరకు, ప్రభుత్వం కదిలే వరకు దాహం ఆగదు. తప్పు ఎవరిదన్నది నిన్నటి ప్రశ్న. ఈ రోజు పిల్లల గ్లాసులో ఏ నీరు పోయాలన్నది ఇంటివారి ప్రశ్న.

ఇంట్లో చేయవలసినవి

1. మీ బోరు నీటిని తాగునీటి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ఫ్లోరైడు పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో ఇవ్వాలి. క్రిముల పరీక్షకు వారిచ్చే సీసానే వాడాలి. కాగితం దాచి, తేదీ రాసి పెట్టండి. రేపటి వాదనకు అదే ఆధారం.

2. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరయిన కొద్దీ మిగిలిన నీటిలో అది చిక్కబడుతుంది. గుడ్డతో వడకట్టినా, రాగి బిందెలో పోసినా పోదు.

3. ఫ్లోరైడు ఎక్కువ ఉంటే తాగడానికి, వంటకు పరీక్షించిన ఫిల్టరు నీరు గాని, శుభ్రంగా పట్టిన వాన నీరు గాని వాడండి. స్నానానికి, గిన్నెలకు బోరు నీరు ఫరవాలేదు. పథకం నీరు నిండిన చెరువు నీటిని తాగవద్దు.

4. ఎనిమిదేళ్ల లోపు పిల్లల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. పళ్లు తయారయ్యే ఆ వయసులోనే ఫ్లోరైడు వాటిని పాడుచేస్తుంది. పళ్ల మీద సుద్ద వంటి తెల్ల మచ్చలు, గోధుమ రంగు చారలు కనబడితే ముందు నీరు మార్చండి. మంజన్ మార్చితే చాలదు.

5. పాలు, పెరుగు, ఉసిరి, ఆకుకూరలు మేలు చేస్తాయి. సుపారీ, డికాక్షన్ టీ, కాలా నమక్ కలిపిన చూరన్ ఫ్లోరైడును ఇంకా పెంచుతాయి, తగ్గించండి.

6. కీళ్లనొప్పులన్నీ ఫ్లోరైడు వల్ల రావు. నడుము, మెడ బిగుసుకుపోతుంటే డాక్టరుకు చూపించి ఎక్స్-రే తీయించండి.

చివరిగా ఒక మాట. ఫోనులో వచ్చిన ప్రతి వార్తనూ పదిమందికి పంపకండి. వార్త తెచ్చినప్పుడు విచారించుకోమని, తెలియక ఎవరికైనా హాని చేసి తరువాత పశ్చాత్తాపపడే స్థితి తెచ్చుకోవద్దని సూరా హుజురాత్ మనకు నేర్పుతుంది. "ఈ నీళ్లతో క్యాన్సర్" అన్న వార్త వచ్చినా, "ఈ నీళ్లు అమృతం" అన్న వార్త వచ్చినా అడగవలసింది ఒక్కటే: ఇది అనుమతి సంగతా, శరీరం సంగతా, బాధ్యత సంగతా? ఆ సంగతికి ఆధారం ఏది?

నిజాన్ని నిజంగా చూసే బుద్ధిని, మన పిల్లలకు పరిశుభ్రమైన నీటిని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.