ప్రశ్నావళి రాసే ముందు

డిగ్రీ, పీజీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు కనిపించినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు: "అన్నా, ప్రాజెక్టుకు సర్వే చెయ్యాలి, ప్రశ్నలు రాసిస్తావా?" రాసివ్వడం కంటే నేను చేసిన తప్పులు చెబితేనే మేలనిపించింది.

పీజీలో నా ప్రాజెక్టు హాస్టల్ పిల్లల కుటుంబ పరిస్థితుల మీద. నాలుగు పేజీల ప్రశ్నావళి. మొదటి ప్రశ్నే "మీ కుటుంబ వార్షికాదాయం ఎంత?" పిల్లలు నింపి ఇచ్చారు. రూముకెళ్లి చూస్తే అందరివీ దగ్గర దగ్గర అంకెలే. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. అవి హాస్టల్ సీటు కోసం ఎమ్మార్వో ఆఫీసులో తెచ్చుకున్న ఆదాయ ధ్రువపత్రంలోని అంకెలు! మనమూ అదే రాసేవాళ్లం కదా. పిల్లలు అబద్ధమాడలేదు. ఆదాయమనే మాట వాళ్లకు ఆ కాగితంలోనే తెలుసు. పైగా వేరే అంకె వేస్తే సీటు పోతుందేమోనన్న భయం.

కూలికి పోయే ఇంట్లో ఏడాది లెక్క ఎవరూ కట్టరు. ఆ లెక్క కట్టుకోవాల్సింది మనం. వాళ్లను అడగాల్సింది వాళ్లకు తెలిసినది: ఇంట్లో కూలికి వెళ్లేదెవరు, పోయిన వారం ఎన్ని రోజులు పని దొరికింది, రోజుకు ఎంతిచ్చారు. నాట్లప్పటి వారం, ఎండాకాలం వారం ఒకటి కాదు కనుక రెండూ విడిగా అడగాలి.

ఎంత కాలానికి అడుగుతున్నామన్నది చిన్న విషయం కాదు. జాతీయ నమూనా సర్వే సంస్థ 1999-2000లో జరిపిన 55వ రౌండులో తిండి ఖర్చును అవే కుటుంబాలను 7 రోజులకూ, 30 రోజులకూ పక్కపక్కనే అడిగారు. ఒక జవాబు ప్రభావం రెండోదానిపై పడిందని ఆర్థికవేత్తలు అభ్యంతరం చెప్పారు. దేశంలో పేదలు 1993-94లో 36 శాతం ఉంటే, ఈ సర్వే ప్రకారం 26.1 శాతమే. అందులో నిజంగా తగ్గిందెంత, అడిగే తీరు మారినందువల్ల తగ్గినట్టు కనిపించిందెంత అని ఏళ్ల తరబడి వాదన జరిగింది. మనలాంటి ఇళ్లు పేదల లెక్కలో ఉండటం, లేకపోవడం కూడా ఒక్కోసారి ప్రశ్న మీద ఆధారపడుతుందన్నమాట.

నా ఇంకో ప్రశ్న: "హాస్టల్లో భోజనం, వసతి బాగున్నాయా?" అందరూ "బాగున్నాయి" అన్నారు. ఫారాలు పంచింది హాస్టల్ సిబ్బంది ముందే మరి! అదీగాక భోజనం బాగుండి బాత్‌రూములు బాగోలేని పిల్లవాడు ఏమని రాయాలి? రెండో విడత రెండూ విడదీశాను. పేరు రాయించలేదు. ఫారాలు మడిచి అట్టపెట్టెలో వేయమన్నాను. "నిన్న రాత్రి కూర ఏమిటి? మళ్లీ అడిగితే వడ్డించారా?" అన్నాను. జవాబులు మారిపోయాయి.

మిగిలినవి మీకు తెలిసినవే. రెండు పేజీలు దాటొద్దు, తేలిక ప్రశ్నలు ముందు, డబ్బు సంగతి చివర, "తెలియదు" అనే గడి తప్పనిసరి.

అచ్చు వేయించే ముందు మాత్రం నలుగురైదుగురి చేత పైకి చదివించండి. ఎక్కడ ఆగుతారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. నా కొత్త ఫారం చదువుతూ ఎనిమిదో తరగతి పిల్లవాడు "మీ కుటుంబం వలస వెళ్తుందా?" దగ్గర ఆగాడు. "అమ్మానాన్న పనికి పోయారన్నా, ఉగాదికి వస్తారు. అది వలసా?" అన్నాడు. ఆ ప్రశ్న కొట్టేసి "అమ్మానాన్న ఇప్పుడు ఎక్కడున్నారు?" అని రాశాను. మొదటి విడతలో వలస గడిలో దాదాపు అందరూ "లేదు" అని టిక్కు పెట్టిన హాస్టల్ అది. ఈసారి ముంబై, పుణె, ఇటుకబట్టీలు అని వరసగా వచ్చాయి.