డబ్బాలో బురద, తొట్టిలో చేప: సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: చేపల తొట్టికి కానిస్టర్ ఫిల్టర్ పెట్టించి రెండు నెలలైంది. మూత తీస్తే లోపలంతా గోధుమరంగు బురద! నాలుగు గోల్డ్‌ఫిష్‌లున్నాయి. వాటికేమవుతుందోనని నిద్ర పట్టడం లేదు. – గృహిణి, ఏలూరు

కంగారు పడకండమ్మా. ఆ బురద కనిపించిందంటే ఫిల్టర్ పనిచేస్తోందనే అర్థం. తొట్టి కింద పెట్టే ఆ డబ్బా ఉన్నదే చేపల మలాన్నీ, మిగిలిపోయిన మేతనూ పట్టి ఉంచడానికి. పైగా గోల్డ్‌ఫిష్‌లు తిండిపోతులు. మట్టి వాసన మామూలే. కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా, తొట్టిలో పడే ధార సగానికి తగ్గినా ఆలస్యం చేయకుండా శుభ్రం చేయండి.

ప్రశ్న: ఆకుల ముక్కలు, మేత పలుకులు పైపులోకి పోతున్నాయి. నిన్న గప్పీ పిల్ల ఒకటి కూడా పోయింది. పిల్లలు ఏడుస్తున్నారు. – ఉపాధ్యాయుడు, తాడేపల్లిగూడెం

దీనికి మందు మీ ఊరి చుట్టుపక్కల చేపల చెరువుల మీదే ఉంది మాస్టారూ. పనికిరాని చేపలు లోపలికి రాకుండా రైతు తూముకి వల కడతాడు కదా, మీరు నీళ్లు పీల్చే పైపు మూతికి పెద్ద రంధ్రాల స్పాంజి తొడగండి. వారానికోసారి తీసి, తొట్టిలోంచే తోడిన నీళ్లలో పిండి మళ్లీ పెట్టేయండి. తీసేముందు మాత్రం మోటారు ఆపి, స్పాంజి కింద మగ్గు పట్టండి. లేకపోతే వారమంతా పట్టిన చెత్త ఒక్కసారిగా తొట్టిలో కలిసిపోతుంది. పాత చీర గుడ్డ చుట్టమని ఎవరైనా చెబితే వినకండి. నేనూ మొదట్లో చుట్టినవాణ్ణే, రెండు రోజుల్లో పూడుకుపోయి మోటారు వేడెక్కింది.

ప్రశ్న: ఫిల్టర్ మొత్తం విప్పి కుళాయి కింద తళతళలాడేలా కడిగాను. మూడో రోజుకి నీళ్లు పాలలా అయ్యాయి, చేపలు పైకొచ్చి గుటకలు వేస్తున్నాయి. నేనే చంపేస్తున్నానా? – డిగ్రీ విద్యార్థిని, ఏలూరు

లేదు తల్లీ, శుభ్రంగా ఉంచాలనుకోవడం తప్పు కాదు. ఫిల్టర్‌లోని స్పాంజి, సెరామిక్ రింగుల మీద కంటికి కనిపించని మేలు చేసే బ్యాక్టీరియా కాపురముంటుంది. చేపల వ్యర్థాల్లోంచి పుట్టే అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మార్చేది అదే. కుళాయి నీళ్లలోని క్లోరిన్ దాన్ని చాలావరకు చంపేసింది. తొట్టి ఖాళీ చేయకండి. ఒక రోజు బకెట్లో నిలవ ఉంచిన నీళ్లతో పావు వంతు మార్చండి, రెండు రోజులు మేత ఆపండి, గాలి బుడగల మోటారు రాత్రింబవళ్లు నడపండి. తెల్లదనం కొద్ది రోజుల్లో దానంతటదే విరుగుతుంది. నీళ్లు మార్చాక కూడా చేపలు తేలుతూనే ఉన్నా, మొప్పలు ఎర్రబారినా వెంటనే అమ్మోనియా పరీక్ష చేయించి, మళ్లీ నీళ్లు మార్చండి. ఇకపై స్పాంజి ఒక నెల, రింగులు ఇంకో నెల కడగండి. రెండూ ఒకే రోజు వద్దు.

ప్రశ్న: మా అబ్బాయి కాలవలోంచి నాచు తెచ్చి తొట్టిలో వేశాడు. ఇప్పుడు మోటారు గరగరమంటోంది. పేలుతుందా? – కైకలూరు పాఠకుడు

పేలదండీ. నాచుతో వచ్చిన చిన్న నత్త ఏదో లోపలి చక్రంలో ఇరుక్కుని ఉంటుంది. కొల్లేరు నీళ్లు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అందులో గుర్రపుడెక్క అడ్డం పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ మోటారు పరిస్థితీ అంతే. ప్లగ్గు పీకి, చక్రం బయటికి తీసి, పాత టూత్‌బ్రష్‌తో తోమండి. వైరు కాలిన వాసన వస్తే మాత్రం మళ్లీ స్విచ్ వేయకండి, మెకానిక్‌కే చూపించండి.

ప్రశ్న: గాలివానకు ఏడెనిమిది గంటలు కరెంటు పోయింది. రాగానే ఫిల్టర్ నల్లటి నీళ్లు కక్కింది. – ఆకివీడు పాఠకురాలు

గంటో రెండు గంటలో పోతే భయం లేదమ్మా. అంతకు మించితే మూసిన డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి, లోపలి చెత్త కుళ్లడం మొదలవుతుంది. ఈసారి కరెంటు పోగానే ప్లగ్గు తీసేయండి, చేపల కోసం మధ్యమధ్య మగ్గుతో నీళ్లు ఎత్తి పోయండి. కరెంటు వచ్చాక డబ్బాలోని నీళ్లు మొక్కలకు పోసి, స్పాంజిని తొట్టి నీళ్లలో జాడించి, ఆ తర్వాతే స్విచ్ వేయండి.