పి0131 మళ్ళీ ఎందుకొచ్చింది?

ఈ సంచికకి కవితో కథో ఇవ్వమన్నారు. నాకు కాస్త చేతనైంది డీబగ్గింగ్ ఒక్కటే. కాబట్టి ఒక కారుని డీబగ్ చేయడం గురించి రాస్తున్నాను. కారు లేనివాళ్ళకి కూడా పనికొస్తుందనే నా నమ్మకం.

సమస్య

మా నాన్న పెట్రోల్ కారు కిరాయికి తిప్పుతారు. మూడు నెలల్లో రెండుసార్లు డాష్‌బోర్డ్ మీద ఇంజిన్ బొమ్మ లైట్ వెలిగింది. రెండుసార్లూ గ్యారేజీలో స్కానర్ పెట్టారు, పి0131 అని వచ్చింది, ఆక్సిజన్ సెన్సర్ మార్చారు. రెండింటికీ కలిపి ఏడు వేలయింది. కొన్నాళ్ళకి మళ్ళీ అదే లైట్. లీటరుకి 16 కిలోమీటర్లు ఇచ్చే బండి 13కి దిగింది. కిరాయి బండికి మైలేజీ తగ్గిందంటే ప్రతి ట్రిప్పులో ఇంటికొచ్చే డబ్బు తగ్గినట్టే. మూడో సెన్సర్ కొనేలోపు ఒక ఆదివారం కారు నాకు వదలమని నాన్నని అడిగాను.

ఈ సెన్సర్ చేసే పని

ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్క తప్పితే పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయదు. అందుకే పొగ గొట్టంలో, కన్వర్టర్‌కి ముందు ఈ సెన్సర్ ఉంటుంది. దీన్ని కార్లలోకి తెచ్చింది బాష్ కంపెనీ, 1976లో, వోల్వో కార్లతో.

లోపల జిర్కోనియా అనే సిరామిక్ ముక్క ఉంటుంది. దానికి ఒకవైపు బయటి గాలి, రెండోవైపు పొగ. రెండువైపులా ఆక్సిజన్‌లో ఉన్న తేడాని బట్టి వోల్టేజ్ పుడుతుంది. ఫస్టియర్ కెమిస్ట్రీలో మార్కుల కోసం బట్టీ పట్టిన నెర్న్‌స్ట్ ఈక్వేషన్ గుర్తుందా? అదే ఇది. పెట్రోల్ ఎక్కువైతే 0.8, 0.9 వోల్టులు, గాలి ఎక్కువైతే 0.1, 0.2 వోల్టులు వస్తాయి. ఈసీయూ అది చూసి పెట్రోల్ పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఎంత శాతం సవరించిందో చెప్పే అంకెని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. సున్నాకి దగ్గరగా ఉంటే మంచిది. ప్లస్ పది దాటిందంటే అనుమానించాలి.

కోడ్ ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

పి అంటే పవర్‌ట్రెయిన్. 0 అంటే అన్ని కంపెనీలకీ ఉమ్మడి కోడ్. 1 అంటే గాలి, ఇంధనం విభాగం. మొత్తం కలిపి పి0131 చెప్పేది: "మొదటి సెన్సర్ వోల్టేజ్ తక్కువగా ఉంది". అంతే. సెన్సర్ పాడైందని ఎక్కడా అనలేదు.

మన ప్రోగ్రామ్‌లో 40వ లైన్‌లో నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వస్తే తప్పు 40వ లైన్‌లోనే ఉంటుందా? ఆ నల్ ఎక్కడో 12వ లైన్‌లో పుట్టి ఉంటుంది. 40వ లైన్ దాన్ని బయటపెట్టింది, అంతే. పైగా రెండు కొత్త సెన్సర్లు కూడా అదే రీడింగ్ ఇచ్చాయంటే, అనుమానితుల లిస్టులో సెన్సర్ పేరు అడుక్కి వెళ్ళిపోవాలి. ముఖం బాగోలేదని అద్దం మారిస్తే ఏం లాభం?

వోల్టేజ్ తక్కువ చూపించడానికి మూడు కారణాలు రాసుకున్నాను.

1. సెన్సర్ గానీ దాని వైరింగ్ గానీ పాడవడం.
2. ఇంజిన్‌లోకి నిజంగానే గాలి ఎక్కువ వెళ్ళడం, లేదా పెట్రోల్ తక్కువ రావడం.
3. ఇంజిన్‌కి, సెన్సర్‌కి మధ్య పొగ గొట్టంలో లీక్ ఉండడం.

ఒక్కొక్కటీ కొట్టేస్తూ

బ్లూటూత్ డాంగిల్ పెట్టి ముందు సేవ్ అయిన కోడ్లన్నీ చదివాను. పి0131తో పాటు పి0171 కూడా ఉంది. అంటే "మిశ్రమంలో గాలి ఎక్కువ" అని. తర్వాత ఫ్రీజ్ ఫ్రేమ్ చూశాను. ఫాల్ట్ పడిన క్షణంలో ఇంజిన్ పరిస్థితిని ఈసీయూ దాచుకునే రికార్డ్ అది, మన లాగ్ ఫైల్ లాంటిది. ఇంజిన్ వేడిగా ఉంది, బండి ఐడిల్‌లో ఉంది, లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 22.

మొదటి కారణానికి టెస్ట్ సులువు. ఇంజిన్ వేడెక్కాక, బండి న్యూట్రల్‌లో ఉంచి, లైవ్ డేటా చూస్తూ యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కి వదిలాను. ఆ క్షణం పెట్రోల్ ఎక్కువ పడుతుంది కాబట్టి వోల్టేజ్ లేవాలి. 0.85కి లేచింది. వదలగానే కిందకి పడింది. అంటే సెన్సర్ బతికే ఉంది, వైరు కూడా సంకేతం మోస్తోంది.

తర్వాత ట్రిమ్ చూశాను. ఐడిల్‌లో ప్లస్ 21, ఆర్‌పీఎం 2500 దగ్గర ప్లస్ 6. పెట్రోల్ పంపు బలహీనమైతే దీనికి రివర్స్‌లో ఉంటుంది, ఇంజిన్ మీద లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరగాలి. కాబట్టి పంపుని పక్కన పెట్టాను. ఇక మిగిలింది గాలి లీకే. ఇంజిన్‌లోకి వెళ్ళేవైపా, బయటికి వచ్చేవైపా? రెండింటికీ ట్రిమ్ ఇలాగే ఉండొచ్చు.

ఇక్కడ నాకు దారి చూపించింది స్పార్క్ ప్లగ్. నిజంగా గాలి ఎక్కువైతే ప్లగ్ కొన తెల్లగా పాలిపోయి ఉండాలి. విప్పి చూస్తే నాలుగూ మసిపట్టి నల్లగా ఉన్నాయి. సెన్సరేమో పెట్రోల్ చాలట్లేదంటోంది, ప్లగ్గులేమో పెట్రోల్ ఎక్కువైందంటున్నాయి. రెండూ నిజమే అయితే ఒక్కటే దారి: ఆ అదనపు గాలి ఇంజిన్‌లోకి వెళ్ళలేదు, మండడం అయ్యాక కలిసింది.

పొగ గొట్టంలో లీక్ ఉంటే పొగ బయటికి రావాలి గానీ గాలి లోపలికెలా వెళ్తుందని నాన్న అడిగారు. మంచి ప్రశ్న. పొగ నీళ్ళ పైపులా ఏకధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. రెండు దెబ్బల మధ్య ఒత్తిడి ఒక్క క్షణం బయటి గాలి కన్నా తగ్గుతుంది. అప్పుడు చిన్న సందు దొరికినా గాలి లోపలికి దూరుతుంది. సెన్సర్ ఆ గాలిని కొలిచి చెప్తుంది. ఈసీయూ దాన్ని నమ్మి పెట్రోల్ పెంచుతుంది. మైలేజీ పోయింది అక్కడే. ఆర్‌పీఎం పెరిగితే పొగ జోరు పెరిగి ఈ ప్రభావం తగ్గుతుంది. అందుకే నాన్న హైవే కిరాయిల్లో ఉన్నన్నాళ్ళూ లైట్ రాలేదు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోజుల్లోనే వచ్చింది.

సబ్బు నీళ్ళు

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, వ్యాక్యూమ్ క్లీనర్ గాలి ఊదేవైపు పైపుని సైలెన్సర్ చివర పెట్టి గుడ్డ చుట్టాం. అతుకుల మీద సబ్బు నీళ్ళు చల్లాం. మానిఫోల్డ్ కింద, సెన్సర్‌కి జానెడు పైన ఉన్న అతుకు దగ్గర బుడగలు వచ్చాయి. అక్కడే నల్లటి మసి గీత కూడా ఉంది. గ్యాస్కెట్ ఒక పక్క కాలిపోయింది.

గ్యాస్కెట్, కూలీ కలిపి తొమ్మిది వందలు. అదే గ్యారేజీలో వేయించాం. బుడగల ఫోటో చూసి మెకానిక్ అన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ సబ్బు నీళ్ళ పద్ధతి ఇంకోసారి చెప్పు తమ్ముడూ" అన్నాడు. ఇప్పుడు ఐడిల్‌లో ట్రిమ్ ప్లస్ 2, 3 మధ్య ఉంటోంది. మైలేజీ మళ్ళీ 16కి వచ్చింది.

మీరు చేసేటప్పుడు

మూసిన షెడ్‌లో ఇంజిన్ స్టార్ట్ చేయకండి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వేడి గొట్టాన్ని ముట్టుకోకండి. ముఖ్యంగా, కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్‌ని ఫోటో తీసి పెట్టుకోండి. కోడ్‌తో పాటు అదీ చెరిగిపోతుంది. లైట్ ఆరిపోతుంది గానీ, అది ఎందుకు వెలిగిందో చెప్పే సాక్ష్యం కూడా పోతుంది.