ట్రాక్టరుతో బరువు లాగు విధము

మన సంఘ సభ్యులు పలువురు ధాన్యమును ట్రాక్టరు ట్రాలీలపై తోలుచున్నారు. కావున కొన్ని జాగ్రత్తలు మనవి చేయుచున్నాము.

ట్రాలీని క్రిందనుండు డ్రాబారుకే తగిలించి, పిన్ను ఊడకుండ చీల వేయవలెను. వెనుక ఇరుసుకు గాని, అంతకంటె ఎత్తున గాని గొలుసు కట్టి లాగినచో ముందు చక్రములు పైకి లేచి, ట్రాక్టరు వెనుకకు తిరగబడి, తోలువాని ప్రాణమునకే ముప్పు కలుగును. బురదలో దిగబడినపుడు తొందరపడి పలువురు చేయు పొరపాటిదియే. అట్టి సమయమున బస్తాలు దింపి లాగుట మేలు.

రోడ్డెక్కునపుడు రెండు బ్రేకు పెడళ్ళను జతపరుపవలెను. లేనిచో ఒక చక్రమే ఆగి బండి ప్రక్కకు తిరుగును. పల్లమునకు దిగకముందే తక్కువ గేరు వేయవలెను, న్యూట్రలులో దిగరాదు. డ్రాబారుపై ఎవరిని నిలువనీయరాదు.

రెండు తడవలుగా తోలినను సరియే. అందరు క్షేమముగా ఇల్లు చేరవలెనని మా కోరిక.