కొండెక్కితే చెట్టు ఎందుకు మారుతుంది?

అరకు ట్రిప్ అంటే మనకి తెలిసిందే. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కడం, సొరంగం వచ్చినప్పుడల్లా అరవడం, బొర్రా గుహల దగ్గర ఫోటోలు, చివర్లో బొంగులో చికెన్. ఈ హడావిడిలో కిటికీ బయట నడిచే ఒక పాఠాన్ని మిస్సయిపోతాం. ఎత్తు వాతావరణాన్ని ఎలా మారుస్తుందో, వాతావరణం చెట్టునీ ఊరినీ ఎలా మారుస్తుందో అక్కడ వరసగా కనిపిస్తుంది.

కిటికీ బయట ఏముంది?

సముద్రం పక్కన కొబ్బరి, తాటి, సరుగుడు, జీడిమామిడి. శృంగవరపుకోట వచ్చేసరికి వరి చేలు, మామిడి తోటలు. అక్కడి నుంచి రైలు ఘాట్ ఎక్కుతుంది. వెదురు, మద్ది, అడ్డాకు తీగలు మొదలవుతాయి. తాటిచెట్లు పలచబడి, తేమ ఉన్న కొండవాలుల్లో జీలుగు చెట్లు కనిపిస్తాయి. అంటే చెట్టుతో పాటు ఊళ్ళో దొరికే కల్లు కూడా మారిపోతుందన్నమాట! ఇంకా పైకి వెళ్తే నిటారు సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ. శిమిలిగుడ స్టేషన్ దగ్గర ఎత్తు సుమారు 996 మీటర్లు. కొన్ని గంటల్లోనే సముద్రమట్టం నుంచి దాదాపు కిలోమీటరు పైకి వచ్చేశాం.

చల్లదనం ఎక్కడిది?

పైకి వెళ్తే సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి చల్లగా ఎందుకుంటుంది? గాలి ప్రధానంగా వేడెక్కేది నేల నుంచి. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. పైన పీడనం తక్కువ కాబట్టి వ్యాకోచిస్తుంది. బయటి నుంచి వేడి అందకుండా వ్యాకోచించాలంటే తన అంతర్గత శక్తినే ఖర్చు పెట్టాలి. థర్మోడైనమిక్స్ క్లాసులో నిద్రపోకపోతే ఇది అడియబాటిక్ ప్రక్రియ అని గుర్తొచ్చే ఉంటుంది. పొడి గాలి కిలోమీటరుకి 9.8 డిగ్రీలు చల్లబడుతుంది. తేమ గాలిలో ఆవిరి నీరవుతూ గుప్తోష్ణం విడుదల చేస్తుంది కాబట్టి అది అంతకన్నా తక్కువ చల్లబడుతుంది. వాతావరణం మొత్తం మీద సగటున కిలోమీటరుకి 6.5 డిగ్రీలు అనుకుంటాం.

అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు. 0.9 × 6.5 = 5.85. అంటే విశాఖ కన్నా దాదాపు ఆరు డిగ్రీలు తక్కువ. చల్లబడిన గాలి ఆవిరిని మోయలేదు కాబట్టి మేఘాలు, వాన. నీరు ఆవిరైపోవడం కూడా తగ్గుతుంది కాబట్టి నేలలో తేమ ఎక్కువ రోజులు ఉంటుంది. ఎండకి తట్టుకోలేని అరబికా కాఫీ ఇక్కడ బతకడానికి కారణం ఇదే.

అయితే లంబసింగి దగ్గర ఈ లెక్క సరిపోదు. అది కూడా సుమారు 1,000 మీటర్ల ఎత్తే, కానీ చలికాలం తెల్లవారుజామున అక్కడ ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరగా పడిపోతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల వేగంగా వేడి కోల్పోతుంది. చల్లటి బరువైన గాలి చుట్టూ కొండల మీద నుంచి జారి పల్లంలో గిన్నెలో నీళ్ళలా నిలిచిపోతుంది. కాబట్టి ఎత్తుతో పాటు నేల ఆకారం కూడా చూడాలి.

ఊరు ఎక్కడ కట్టుకుంటారు?

మన్యంలో గెడ్డ పక్కన పల్లపు నేలలో మడి కట్టి వరి వేస్తారు. వాలు మీద చోడి, సామ, వలిసెలు. వరి మడి కొంచెమే ఉంటుంది, అందులో ఇల్లు కట్టుకుంటే తిండి పోతుంది. అందుకే ఇళ్ళు చాలాచోట్ల కొండ పాదాన, ఊట నీరు అందే చోట ఉంటాయి. ఊట చిన్నదైతే ఊరూ చిన్నదే. అలా పది పదిహేను ఇళ్ళ పల్లెలు కొండల నిండా చెదిరిపోయి ఉన్నాయి.

ఈ చెదిరిపోవడానికి కట్టే ధర పెద్దది. రోడ్డు లేని పల్లెల నుంచి నిండు గర్భిణులని ఇప్పటికీ డోలీలో మోసుకొస్తున్నారని పేపర్లో చదువుతుంటాం. "అందరూ కిందికి వచ్చేయొచ్చుగా" అనడం తేలిక. వాళ్ళ నీరు, వాళ్ళ పంట ఆ ఎత్తులోనే ఉన్నాయి. అదే ఎత్తు ఒక మేలు కూడా చేస్తుంది. ఊట పైనుంటే, మోటారు లేకుండా, కరెంటు బిల్లు లేకుండా పైపులో నీరు ఇంటికొస్తుంది. గ్రావిటీ పథకాలు నడిచేది అలాగే. సివిల్ వాళ్ళకి మంచి ప్రాజెక్ట్.

ఒక డిగ్రీ అంటే 154 మీటర్లు

ఇప్పుడు లెక్కని తిరగేద్దాం. 1,000 ÷ 6.5 = 154. వాతావరణం ఒక్క డిగ్రీ వేడెక్కితే, మొక్కకి పాత చల్లదనం దొరకాలంటే 154 మీటర్లు పైకి పోవాలి. మన దేశంలో అరబికాకి అనువైన ఎత్తు 1,000 నుంచి 1,500 మీటర్లు అంటారు. అంటే అరకు కాఫీ ఇప్పటికే కింది అంచున ఉంది. హిమాలయాల్లో అయితే పైకి జరగడానికి ఇంకా చాలా కొండ ఉంది. ఇక్కడ జిందగడ శిఖరమే సుమారు 1,690 మీటర్లు. పైగా పైకి వెళ్ళేకొద్దీ చోటు తగ్గిపోతుంది.

మొక్క తరాల మీద మెల్లగా జరగొచ్చేమో. రెండెకరాల పట్టా ఉన్న గిరిజన రైతు తన పొలాన్ని 154 మీటర్లు పైకి ఎలా జరుపుతాడు? అతని చేతిలో ఉన్నది నీడ. సిల్వర్ ఓక్, పనస, మామిడి చెట్ల కింద కాఫీ మొక్కకి ఎండ దెబ్బ తగ్గుతుంది. 2019లో జీఐ గుర్తింపు వచ్చిన అరకు అరబికాని ఆ నీడే కాపాడుతోంది. కలప కోసం ఆ చెట్లు కొట్టేస్తే, వేడెక్కే రోజుల్లో పొలాన్ని మరింత కిందికి దించేసినట్టే.

ఈసారి అరకు వెళ్తే చిన్న హోంవర్క్. ఫోన్లో ఎత్తు చూపించే యాప్ పెట్టుకోండి. చివరి తాటిచెట్టు, మొదటి జీలుగు, మొదటి కాఫీ మొక్క ఎక్కడ కనిపించాయో ఎత్తుతో సహా రాసుకోండి. సంతలో ఒక కాఫీ రైతుతో మాట్లాడి, చిన్నప్పటికీ ఇప్పటికీ చలి ఏమైనా మారిందా అని అడగండి. వచ్చే సంచికలో అందరి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూద్దాం.