‘ఏటీ అవదు’ అనేముందు కొంచెం లెక్క

కార్తీకమాసం దగ్గరపడితే మన వైపు కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పేరు ఒకటే: తాటిపూడి. గంట్యాడ మండలంలో గోస్తని నది మీద 1960లలో కట్టిన రిజర్వాయరు అది. చుట్టూ కొండలు, ఒడ్డున వంటలు, మధ్యాహ్నం బోటింగు. పులిహోర ఎవరు తేవాలి, స్పీకరు ఎవరిది, డబ్బులెవరు వసూలు చేయాలి అని లిస్టు రాసుకుంటాం. బోటెక్కేముందు ఏం చూడాలో మాత్రం ఎవరూ రాయరు. అది నేను రాస్తున్నా, కారణాలతో సహా. కారణం తెలియని రూలు మనం ఎలాగూ పాటించం కదా (హాస్టల్ రూల్సే సాక్ష్యం).

ముందు జరిగినవి చూద్దాం. 2017 నవంబర్ 12, కార్తీక ఆదివారం. విజయవాడ దగ్గర కృష్ణా నదిలో పవిత్ర సంగమం వైపు వెళ్తున్న ప్రైవేటు బోటు తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. అనుమతి లేని బోటు, పట్టేవాళ్లకంటే ఎక్కువ మంది. రెండేళ్లు తిరక్కుండానే 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు. పాపికొండలు చూడ్డానికి 77 మందితో బయల్దేరిన బోటు గోదావరి వరదలో మునిగింది. 26 మందే బయటపడ్డారు, వాళ్లని కాపాడింది ఒడ్డునున్న ఊరివాళ్లు. బోటుని బయటికి తీయడానికి 38 రోజులు పట్టింది, తీసినప్పుడు లోపల ఇంకా మృతదేహాలున్నాయి. ఇవి నదులు, మనది చెరువులాంటి నిలవ నీరు అనుకుంటున్నారా? 2024 జనవరిలో వడోదరలో హర్ణి సరస్సు అనే పిక్నిక్ చెరువులో బోటు తిరగబడి 12 మంది స్కూలు పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అక్కడ వరదా లేదు, సుడిగుండమూ లేదు. బోటులో ఉండాల్సినదానికంటే ఎక్కువ మంది ఉన్నారు, అందరికీ లైఫ్ జాకెట్లు లేవు. అంతే.

‘ఇంకో అయిదుగురు ఎక్కితే ఏమవుతుంది’ అన్నదానికి మనం ఇంజనీరింగు వాళ్లం కాబట్టి లెక్క వేద్దాం. ఒక చిన్న బోటు, నీటి మీద దాని వైశాల్యం సుమారు 5 చదరపు మీటర్లు, వెడల్పు మీటరున్నర అనుకోండి. సరిపడా మంది ఎక్కాక నీటికి, బోటు అంచుకి మధ్య 30 సెంటీమీటర్లు మిగిలింది. దీన్ని ఫ్రీబోర్డ్ అంటారు. అదనంగా అయిదుగురు ఎక్కారు, మనిషికి 60 కిలోలు, మొత్తం 300. ఆర్కిమెడీస్ ప్రకారం ఇంకో 300 లీటర్ల నీటిని పక్కకి నెట్టాలి. 0.3ని 5తో భాగిస్తే 6 సెంటీమీటర్లు. మిగిలింది 24. ‘ఇంకా చాలా ఉంది కదా’ అనిపిస్తుంది. ఇప్పుడు ఎవడో మొసలి అని అరిచాడు, లేదా సెల్ఫీలో కొండ పడాలన్నాడు. అందరూ ఒక పక్కకి జరిగారు. బోటు 10 డిగ్రీలు వాలితే చాలు, ఆ వైపు అంచు ఇంకో 13 సెంటీమీటర్లు దిగుతుంది. మిగిలింది 11, బెత్తెడు మీద కాస్త. పక్కనుంచి స్పీడు బోటు పోతే వచ్చే అల దానికి సరిపోతుంది.

ఒకసారి నీళ్లు లోపలికి వచ్చాక కథ మారిపోతుంది. పళ్లెంలో చారు పోసుకుని నడిచి చూడండి, ఏ వైపు కాస్త వంగితే చారంతా ఆ వైపే పోతుంది. బోటులో చేరిన నీళ్లూ అంతే, వాలిన వైపుకే పోయి ఇంకా వాల్చేస్తాయి. నిలబడితే మన బరువు కేంద్రం పైకి వస్తుంది కాబట్టి వాలడం ఇంకా తేలిక. ‘కూర్చోండమ్మా’ అని బోటు అతను అరిచేది అందుకే, మన మీద కోపంతో కాదు.

లైఫ్ జాకెట్ విషయంలో మనవాళ్లు చెప్పే సాకులు మూడు: వాసన, ఉక్క, ఫొటో బాగా రాదు. మూడూ నిజమే. కానీ మనిషి శరీరం సాంద్రత దాదాపు నీటి సాంద్రతే. ఊపిరి నిండా పీల్చుకుంటే నడినెత్తి తేలుతుంది, ముక్కు మాత్రం నీళ్లలోనే ఉంటుంది. తల బరువు 4, 5 కిలోలు, దాన్ని నీటిపైన నిలబెట్టడానికే మనకి సాయం కావాలి. 100 న్యూటన్ల జాకెట్ అంటే సుమారు 10 కిలోల ఎత్తుడు బలం, ఆ పనికి హాయిగా చాలుతుంది. భీమిలిలో, కళింగపట్నంలో సముద్రంలో ఈదేవాళ్లకి ఇంకో మాట. ఉప్పునీరు మంచినీటికంటే సుమారు రెండున్నర శాతం బరువెక్కువ. 60 కిలోల మనిషికి రిజర్వాయరులో దాదాపు కిలోన్నర ఎత్తుడు తగ్గుతుంది. సముద్రంలో తేలినంత తేలిగ్గా ఇక్కడ తేలరు.

జాకెట్ ఒళ్లో పెట్టుకుంటే లేనట్టే. పట్టీలన్నీ బిగించి, స్నేహితుణ్ణి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. చెవుల దాకా జారిందంటే నీళ్లలో తల మీంచి ఊడిపోతుంది. ఫోము నలిగి పల్చబడినది, కుట్లు ఊడినది వెనక్కిచ్చేసి వేరేది అడగండి. చిన్నపిల్లలకి పెద్దవాళ్ల జాకెట్ పనికిరాదు. పైన కప్పు, చుట్టూ అద్దాలు ఉన్న బోటయితే తలుపుకి దగ్గరగా కూర్చోండి. తిరగబడితే జాకెట్ మిమ్మల్ని పైకే నెడుతుంది, అక్కడ కప్పు అడ్డం ఉంటుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం తెచ్చారు. ఇంజను బోటుకి రిజిస్ట్రేషను, సర్వే సర్టిఫికెట్టు, నడిపేవాళ్లకి అర్హత పత్రం, ప్రాణరక్షణ సామాను ఉండాలి. కచ్చులూరు తర్వాత రాష్ట్రంలో బోట్ల కోసం కంట్రోల్ రూములూ పెట్టారు, వాటిలో మనకి దగ్గరది రుషికొండ. కాగితాలు మనం తనిఖీ చేయలేం. టికెట్టు దగ్గర ఒక ప్రశ్న అడగగలం: “బాబాయ్, ఈ బోటుకి ఎంతమంది?” జవాబులో అంకె వస్తే మంచిది. తలలు, జాకెట్లు లెక్కపెట్టండి. “ఏటీ అవదు బాబూ, రోజూ తిప్పుతున్నాం కదా” అని వస్తే దిగిపోండి. నిన్న ఏమీ అవలేదన్నది ఇవాళ్టి బోటులో ఎంతమంది ఉన్నారో చెప్పదు. టెస్ట్ కేసు ఒకసారి పాసయిందని కోడులో బగ్గు లేదనం కదా.

రిజర్వాయరుకి చెరువు గట్టులాంటి మెత్తని వాలు ఉంటుందనుకోవద్దు. మునిగిన లోయ అది. మోకాలి లోతు తర్వాత అడుగే అందకపోవచ్చు, బురద కాలు పట్టేస్తుంది, అడుగున మొద్దులుంటాయి. గేట్ల వైపు అసలు పోకూడదు. వేసవి సాయంత్రాల్లో కొండల మీద మబ్బు కమ్మితే ఈదురుగాలి మన ఊహకంటే బేగి వస్తుంది, కాబట్టి మబ్బు కనిపించగానే ఒడ్డుకి రావాలి. మందు తాగినవాడు బోటెక్కకూడదు. దీనికి లెక్క అక్కర్లేదు.

ఎవరైనా పడిపోతే? మునిగేవాళ్లు సినిమాల్లోలా కేకలు వేయరు. ఊపిరికే టైము ఉండదు, నిశ్శబ్దంగా దిగిపోతారు. ఈత వచ్చినా వెంటనే దూకొద్దు, భయంలో వాళ్లు మీ మెడ పట్టుకుంటారు. కర్ర, తాడు, ముడేసిన చున్నీలు, ఏదైనా అందించండి. వంటకి తెచ్చిన నీళ్ల క్యాను ఉంటుంది కదా. 20 లీటర్ల ఖాళీ క్యాను మూత బిగించి విసిరితే సుమారు 20 కిలోల ఎత్తుడు, ఇద్దరు పట్టుకున్నా తేలుతుంది. అందుకే నీళ్లు అయిపోయాక దాన్ని బస్సులో పడేయకండి, బోట్లు తిరిగొచ్చేదాకా ఒడ్డునే ఉంచండి.

పైకి తీశాక కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం మన ఊళ్లలో ఇంకా చేస్తారు. దానివల్ల కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి ఆడకపోతే ఒకరు 108కి ఫోను చేస్తుండగా ఇంకొకరు ముందు నోటితో ఊపిరి ఇవ్వాలి, తర్వాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, 2 ఊపిర్లు, అంబులెన్సు వచ్చేదాకా ఆపకుండా. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ల ప్రభావం కొన్ని గంటల తర్వాత కూడా బయటపడొచ్చు.