ఊరు విడిచాక వచ్చిన పేర్లు



చూడమ్మా, ఇంటిపేరు బిల్‌గ్రామి అన్నంతమాత్రాన ఆ మనిషి బిల్‌గ్రాంలో పుట్టినట్టు కాదు. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామి 1842లో పుట్టింది గయలో. బిల్‌గ్రాం ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయీ జిల్లాలో ఉంది. అది పూర్వీకుల ఊరు. హైదరాబాద్ దివాను మొదటి సాలార్‌జంగ్ పిలిస్తే 1873లో ఆయన హైదరాబాద్ వచ్చాడు. తర్వాత ఆసఫియా గ్రంథాలయ స్థాపనకు పూనుకున్నదీ ఆయనే. పేరు చూసి జన్మస్థలం రాసెయ్యడం ఒట్టి తొందరపాటు.

ఊరిపేరు మనిషిని అంటిపెట్టుకునేది ఊరు విడిచాకే. బిల్‌గ్రాంలో అందరూ బిల్‌గ్రాం వాళ్ళే. ఆ మాటతో అక్కడ ఎవరినీ విడిగా గుర్తుపట్టలేరు. పరాయి చోట "ఎక్కడి వాళ్ళు?" అని అడిగితే చెప్పే జవాబే కొన్నాళ్ళకు పేరవుతుంది, పిల్లలకూ సంక్రమిస్తుంది. దూరదేశాల వాళ్ళు కొలువు వెతుక్కుంటూ వచ్చిన దర్బారు నగరం కనుకనే హైదరాబాద్ పాతబస్తీ చరిత్రలో ఇలాంటి పేర్లు ఇన్ని. మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్ నుంచి గోల్కొండ చేరి అక్కడి సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు పేష్వా, అంటే ప్రధానమంత్రి, అయ్యాడు. 1591లో మొదలైన కొత్త నగరం హైదరాబాద్‌కు రూపురేఖలు దిద్దినవాడిగా ఆయనకు పేరు. కాస్పియన్ సముద్రానికి దాపునున్న అస్త్రాబాద్‌ను ఇప్పుడు గోర్గాన్ అంటారు. ఊరు పేరు మార్చుకున్నా మనిషి పేరులో పాతదే నిలిచింది. ఆయన సమాధి పాతబస్తీలోని మీర్ మోమిన్ దాయరా అనే శ్మశానవాటికలో ఉంది.

తెల్లదొరల పేర్లలోనూ ఇంతే. హైదరాబాద్ కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ కట్టించిన జేమ్స్ ఎకిలిస్ కిర్క్‌పాట్రిక్ ఇంటిపేరు స్కాట్లాండ్‌లోని డంఫ్రీస్ ప్రాంతపు ఊరిపేరు. ఆయన మాత్రం 1764లో మద్రాసులో పుట్టాడు.

తెలుగు ఇంటిపేర్లలో ఊరు ముందుంటుంది, ఫార్సీలోలా చివర "ఈ" చేర్చే పని లేదు. మిగతాదంతా అదే తంతు. ఒకప్పటి హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన బూర్గుల రామకృష్ణారావు కుటుంబపు అసలు ఇంటిపేరు పుల్లంరాజు. స్వగ్రామం బూర్గుల పేరే చివరకు స్థిరపడింది. ఆయన పుట్టింది పడకల్లులో, 1899లో.

ఇంటిపేరు పుట్టుక వెతికేవాళ్ళు ముందు కుటుంబం ఎప్పుడు, ఎవరితో, ఏ పనిమీద కదిలిందో చూడాలి. మ్యాపు తెరవడం ఆ తర్వాతి పని. ఒకే పేరున్న ఊళ్ళు జిల్లాకు రెండు మూడు కనిపిస్తాయి; పేరు కలిసిందని మొదటిదాని దగ్గరే ఆగిపోతే అంతా తప్పుదారే. పాత దస్తావేజుల్లో ఆధారం దొరికేదాకా నువ్వు ఏ ఊరినీ ఖాయం చెయ్యకు.